మోకాళ్ల అరుగుదల: సీఆర్‌పీనా, ఆర్‌డీడబ్ల్యూనా?

మోకాళ్లు అరిగినంత మాత్రాన ప్రాణం పోదు. కానీ నొప్పితో నడక తగ్గి, బరువు పెరిగి, గుండె మీద భారం పడుతుంది. అందుకే మోకాళ్లు అరిగినవాళ్ల దీర్ఘకాల ఆరోగ్యం గురించి సీఆర్‌పీ, ఆర్‌డీడబ్ల్యూ అనే రెండు రక్తపరీక్షల్లో ఏది బాగా చెబుతుందన్నది ముఖ్యం.

సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రోటీన్; అది కొద్దిగా ఉన్నా కొలిచే పరీక్షే హెచ్‌ఎస్-సీఆర్‌పీ. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) ఉంటే పెరుగుతుంది. లీటరుకు 1 మి.గ్రా. లోపుంటే గుండె ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అని లెక్క. చిక్కేమిటంటే, జ్వరమొచ్చినా, పంటికి చీము పట్టినా అమాంతం పెరిగిపోతుంది. 10 దాటితే రెండు వారాలు ఆగి మళ్లీ చేయించాలి. లావుగా ఉన్నవాళ్లలో ఎప్పుడూ కాస్త ఎక్కువే.

ఆర్‌డీడబ్ల్యూకి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. మామూలు సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులోనే ఉంటుంది, మనం పట్టించుకోం. ఎర్ర రక్తకణాల సైజుల్లో తేడా ఎంతో చెప్పే శాతం ఇది, దాదాపు 11.5 నుంచి 14.5 మామూలు. ఈ కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి కాబట్టి నిన్నటి జ్వరానికి అంకె అంతగా కదలదు. ఇది ఎక్కువగా ఉన్నవాళ్లలో మరణాలూ ఎక్కువని పెద్ద అధ్యయనాల్లో పదేపదే కనిపించింది. అయితే ఐరన్, బీ12 లోపమున్నా పెరుగుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే.

ఆ లోపాలు లేవని తేలితే నా ఓటు ఆర్‌డీడబ్ల్యూకే. ఒక్కసారి 14.8 వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు. పాత సీబీసీ రిపోర్టులు దాచిపెట్టండి, ఏటేటా అంకె ఎటు పోతోందో డాక్టరుకు తెలుస్తుంది.