గజ్జి పట్టిన మా చిట్టికి బ్రవెక్టో మాత్ర: వాడి చూశాక నా మాట

బ్రవెక్టో కుక్కలకిచ్చే మాత్ర, మంచి మందు. డెమోడెక్స్ అనే కంటికి కనపడని పురుగు వల్ల వచ్చే గజ్జికి ఇంత తేలిగ్గా ఇవ్వగలిగే వైద్యం ఇంకోటి నేను చూడలేదు. అయితే ఈ ఒక్క మాట పట్టుకుని ఇప్పుడే ఫోన్లో ఆర్డర్ పెట్టేయకండి. ముందు మీ కుక్క చర్మాన్ని గీకి, స్లైడు మీద పెట్టి, మైక్రోస్కోప్‌లో చూడమని డాక్టర్ని అడగండి. ఆ పని జరిగాకే ఈ మాత్రకు పెట్టే డబ్బుకు అర్థం. ఈ రివ్యూ రాయడానికి సగం కారణం మాత్ర అయితే, మిగతా సగం ఆ స్లైడే.

నేను విజయవాడ ఆటోనగర్లో ఒక స్పేర్‌పార్టుల షాపులో లెక్కలు రాస్తాను. మా వెనక షెడ్డులో, లారీల కింద పుట్టి పెరిగిన కుక్కపిల్ల మా చిట్టి. నాలుగైదు నెలల వయసులో దాని కళ్ళ చుట్టూ వెంట్రుకలు రాలిపోయి, బూడిదరంగు కళ్ళజోడు పెట్టినట్టు కనపడేది. తర్వాత మూతి మూలలు, ఆ తర్వాత ముందుకాళ్ళు. మొదట్లో పెద్దగా గోక్కునేది కాదు. దురద లేదు కదా, తిండి సరిపోక బొచ్చు ఊడుతోందిలే అనుకున్నారు షెడ్డులో వాళ్ళు. కొన్ని వారాలకి కాళ్ళ మీద చర్మం మందంగా, నల్లగా మారింది. చీము పొక్కులు లేచాయి. వేళ్ళ మధ్య వాచి, అడుగు వెయ్యాలంటే కుంటేది. చీము పట్టాక గోకుడు కూడా మొదలైంది.

ఆటోనగర్లో కుక్కకి గజ్జి వచ్చిందంటే అందరి చేతిలో ఉండే మందు ఒకటే, కాలిన ఇంజనాయిల్. "అక్కా, రెండు పూటలు పూస్తే గజ్జి చచ్చూరుకుంటది" అంటూ మెకానిక్ కుర్రాడు డబ్బా తెచ్చాడు. అప్పటికే ఓ కాలికి పూశాడు కూడా. వాడికి చిట్టి అంటే ప్రాణం, తన ఇడ్లీలో ముక్క దానికి పెట్టందే తినడు. అందుకే కోప్పడకుండా కూర్చోబెట్టి చెప్పాను. కుక్క ఒంటికి పూసింది ఒంటి మీదే ఉండదు, నాకుతుంది, కడుపులోకి పోతుంది. కాలిన ఆయిల్లో లోహాల పొడి ఉంటుంది, పెట్రోలియం విషాలు ఉంటాయి. పుండుపడ్డ చర్మం వాటిని ఇంకా త్వరగా పీల్చుకుంటుంది. పైగా డెమోడెక్స్ పురుగు ఉండేది వెంట్రుక కుదుళ్ళలో, పైన పూసిన ఆయిల్ అక్కడిదాకా పోదు. గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, గోరువెచ్చటి నీళ్ళతో ఆ కాలు మేమిద్దరం కలిసి కడిగాం. ఇప్పుడు పక్క షెడ్డులో ఎవరైనా డబ్బా తీస్తే ఆ కుర్రాడే ఆపుతున్నాడు.

ఒక మందుల షాపాయన అడగ్గానే ట్యూబు చేతిలో పెట్టాడు, మనుషుల తామరకి వాడేది. వెనక తిప్పి చూస్తే క్లోబెటసాల్ అని ఉంది, అంటే గట్టి స్టెరాయిడ్. తిరిగి ఇచ్చేశాను. స్టెరాయిడ్ రాస్తే ఎర్రదనం, దురద తగ్గుతాయి, చూడ్డానికి నయమవుతున్నట్టే ఉంటుంది. కానీ చర్మానికున్న రోగనిరోధక శక్తిని అది అణిచేస్తుంది. డెమోడెక్స్ పెరిగేది సరిగ్గా ఆ శక్తి తగ్గినప్పుడే. మనుషుల ట్యూబులు కుక్కలకు రాసే అలవాటు మన దగ్గర చాలా ఎక్కువ. దయచేసి మానండి.

ఇక స్లైడు సంగతి. డాక్టరమ్మ ముందు చిట్టి చెవులు, కాలివేళ్ళ సందులు, పొట్ట, తోక మొదలు అన్నీ చూశారు. తర్వాత బ్లేడు తీసుకుని పదును కాస్త మొద్దుబార్చి, దాని మీద పారఫిన్ నూనె చుక్క వేశారు. బొచ్చు ఊడిన చోట చర్మాన్ని వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకున్నారు. కుదుళ్ళలో ఉన్నవి పైకి రావడానికట. వెంట్రుకలు పెరిగే వైపుగానే మెల్లగా గీకారు, సన్నగా నెత్తురు చెమర్చేదాకా. నేను తల ఒళ్ళో పెట్టుకుని చెవి వెనక నిమురుతుంటే చిట్టి ఒకసారి మూలిగి ఊరుకుంది. వచ్చిన మడ్డిని స్లైడు మీద పరిచి, పైన పల్చటి గాజు బిళ్ళ వేసి చూసి, "రండమ్మా, మీరూ చూడండి" అన్నారు. పొడవాటి ఒళ్ళు, ముందు భాగంలో నాలుగు జతల పొట్టి కాళ్ళు, మెల్లగా కదులుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, అద్దంలో ఎటు చూస్తే అటే ఉన్నాయి. పక్కన గుడ్లు.

"ఇవి పుట్టిన రెండు మూడు రోజుల్లోనే, పాలు తాగేటప్పుడు తల్లి నుంచి వచ్చేస్తాయి. కొద్దో గొప్పో చాలా కుక్కల ఒంట్లో ఉంటాయి, ఏమీ చెయ్యవు. దీనికి శక్తి తగ్గి పెరిగిపోయాయి. మీకు అంటవు, పిల్లలకి అంటవు" అన్నారు. ఆ చివరి మాట ఎంత పెద్ద సాయమో చెప్పలేను. మా అత్తయ్య గారు చిట్టిని వరండా మెట్టు కూడా ఎక్కనివ్వని కాలం అది. ఆ రోజు సాయంత్రం ఆవిడే పాత దుప్పటి మడత పెట్టి తలుపు పక్కన పరిచారు.

బొచ్చు ఊడిన ప్రతి కుక్కకీ ఉన్నది ఇదే జబ్బు కాదు. సార్కోప్టిక్ గజ్జి వేరు. అందులో దురదే ప్రధానం, కుక్క రాత్రిళ్ళు నిద్రపోదు. చెవి అంచులు, మోచేతులు, పొట్ట భాగం పొరలు కడతాయి. ఎత్తుకునేవాళ్ళకీ చేతుల మీద దద్దుర్లు వస్తాయి. దాని పురుగు గీకినా ఒక్కోసారి దొరకదు. చెవి అంచుని రుద్దితే వెనక్కాలు దానంతటదే గోకుతున్నట్టు ఆడుతుందా అని కూడా డాక్టర్లు చూస్తారు. తామర అయితే ఫంగస్, మనుషులకీ అంటుతుంది, దాని మీద ఈ మాత్ర ఏమాత్రం పనిచెయ్యదు. జిడ్డు, పులిసిన వాసన, చెవుల్లో గోధుమరంగు మడ్డి ఉంటే ఈస్ట్ అయ్యుండొచ్చు. మన వానాకాలపు తేమలో ఇది మరీ ఎక్కువ. తోక మొదలు దగ్గర, నడుం మీద కొరుక్కుంటుంటే ఫ్లీ పురుగుల కాటుకి వచ్చే అలర్జీ. పాదాలు అదేపనిగా నాకుతుంటే ఇంకో రకం అలర్జీ. దురదే లేకుండా రెండు పక్కలా ఒకేలా బొచ్చు పల్చబడి, కుక్క బద్ధకంగా లావెక్కుతుంటే థైరాయిడ్ పరీక్ష. బయటికి అన్నీ "బొచ్చు ఊడుతోంది" లాగే కనపడతాయి. అందుకే ఫొటో పంపి మందు అడిగేవాళ్ళకి నేను ఏ పేరూ చెప్పను.

మాత్ర దగ్గరికొద్దాం. బ్రవెక్టోలో మందు ఫ్లూరలానర్. 2014లో యూరప్‌లో, అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట గోమార్లకి, ఫ్లీలకి. తర్వాత యూరప్ లేబుల్ మీద డెమోడెక్స్, సార్కోప్టిక్ గజ్జి రెండూ చేరాయి. నమిలే మాత్ర, 12 వారాలకి ఒకటి. మింగాక రక్తంలో కలిసి చర్మానికి చేరుతుంది, పురుగు నరాల మీద పనిచేస్తుంది. గోమారు చావాలంటే ముందు కరవాలి. కాబట్టి మాత్ర వేశాక కూడా బొచ్చులో గోమారు పాకుతూ కనపడితే మందు పనిచెయ్యలేదని కంగారుపడకండి.

బరువు తూచాకే కొనాలి. 2 నుంచి 4.5 కిలోల వాటికి 112.5 మిల్లీగ్రాములు, 10 కిలోల దాకా 250, 20 కిలోల దాకా 500, 40 కిలోల దాకా 1000. చిట్టి అప్పుడు 9 కిలోలకి కాస్త తక్కువ. పెద్ద కుక్క మాత్ర కొని సగం విరిచి ఇద్దామని చూసేవాళ్ళున్నారు, అలా చెయ్యకూడదు. మందు మొత్తం సమానంగా పరుచుకుని ఉంటుందని నమ్మకం లేదు, మోతాదు తప్పుతుంది. ఖాళీ కడుపున కాదు, తిండి వేళకి ఇవ్వాలి, అప్పుడే ఒంటికి బాగా పడుతుంది. ఇందులో పంది కాలేయం రుచి కలుపుతారు, తిండి అలర్జీ ఉన్న కుక్క అయితే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి. చిట్టి మాత్రం చికెన్ అన్నం పక్కన పెట్టి ముందు మాత్రే తినేసింది.

మాత్ర ఒక్కటే సరిపోలేదు. పొక్కుల్లో చేరిన బ్యాక్టీరియాకి సెఫలెక్సిన్ ఇచ్చారు. స్నానానికి బెంజాయిల్ పెరాక్సైడ్ షాంపూ, కుదుళ్ళలో మడ్డిని అది బయటికి తోస్తుంది. ఈ షాంపూలన్నిటికీ ఒకటే నియమం, నురగ ఒంటి మీద 10 నిమిషాలు ఉండాలి. పోసి వెంటనే కడిగేస్తే డబ్బులు కాలవలో పోసినట్టే. ఆ పది నిమిషాలూ గిన్నెలో మరమరాలు పెట్టుకుని ఒక్కొక్కటే తినిపిస్తూ కూర్చునేదాన్ని. రంగు తువ్వాలు వాడకండి, పెరాక్సైడ్‌కి రంగు పోతుంది. నులిపురుగుల మందు, రోజూ ఒక ఉడకబెట్టిన గుడ్డు. ఒంట్లో శక్తి పెరగందే ఈ జబ్బు పూర్తిగా వదలదు.

నెల తిరిగేసరికి కళ్ళ చుట్టూ మెత్తటి నూగు వచ్చింది. చర్మం నలుపు తగ్గి, కుంటడం పోయింది. మళ్ళీ గీకి చూస్తే అక్కడక్కడా చచ్చిన పురుగులు. ఆ తర్వాత స్లైడులో ఏమీ లేవు. అయినా డాక్టరమ్మ ఆపలేదు. నెల ఎడంతో రెండుసార్లు స్లైడు శుభ్రంగా వస్తేనే నయమైనట్టు లెక్క. బొచ్చు వచ్చేసింది కదా అని మధ్యలో మానేస్తే మిగిలిన నాలుగు పురుగులూ మళ్ళీ పెరుగుతాయి.

జాగ్రత్తలు చెప్పకుండా మెచ్చుకోవడం నాకు నచ్చదు. ఫ్లూరలానర్ కుటుంబం మందులతో కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, మూర్ఛ రావచ్చని అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2018 సెప్టెంబరులో హెచ్చరిక ఇచ్చింది. ఫిట్స్ వచ్చే కుక్క అయితే డాక్టర్‌తో గట్టిగా మాట్లాడాకే. 8 వారాలు నిండని, 2 కిలోలు లేని కుక్కపిల్లలకి వద్దు. నడివయసు దాటిన కుక్కకి కొత్తగా డెమోడెక్స్ వచ్చిందంటే లోపల ఇంకేదో జబ్బు శక్తిని తినేస్తోందేమో వెతకాలి. ఇంకో పక్క, చిన్న కుక్కపిల్లలకి ముఖం మీద ఒకటి రెండు మచ్చలు మాత్రమే ఉంటే చాలావరకు వాటంతటవే పోతాయి. డాక్టర్ ఆగి చూద్దామంటే ఆగండి.

డబ్బు సంగతి చూస్తే, నేను కొన్నది రెండు వేలు దాటింది. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు చాలా చవక, కానీ డెమోడెక్స్‌కి నెలల తరబడి రోజూ నోటితో ఇవ్వాలి, అప్పుడప్పుడూ వేసే ఇంజెక్షన్ చాలదు. కోలీ లాంటి జాతుల్లో ఎండీఆర్1 జన్యువు లోపం ఉంటే అది మెదడుకెక్కి ప్రాణం మీదికొస్తుంది. అమిట్రాజ్ అనే పురుగుమందు కలిపిన నీళ్ళతో స్నానాలు గ్లౌజులేసుకుని, గాలి ఆడే చోట, బొచ్చు కత్తిరించి చెయ్యాలి. కుక్క మత్తుగా పడిపోవచ్చు. బ్రవెక్టో కుటుంబంలోనివే నెక్స్‌గార్డ్, సింపారికా నెలకొకటి చొప్పున ఇస్తారు. త్వరగా బరువు పెరిగే పిల్లకి నెలనెలా ఇచ్చేది కూడా నయమే, ప్రతిసారీ తూచి ఇవ్వొచ్చు. చిట్టి రెండో మాత్ర నాటికి 13 కిలోలు, డబ్బా మారింది.

సీలు వేసిన పెట్టె, తేదీ చూసే కొనండి. విడిగా చించిన మాత్ర ఇస్తే తీసుకోకండి. స్లైడు చూసే చోటు తెలియక ఆగినవాళ్ళు విజయవాడ చుట్టుపక్కల ఉంటే, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, ఓపీ వేళలు కనుక్కుని వెళ్ళండి. ముందురోజు స్నానం చేయించకండి, ఏ నూనే పూయకండి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులూ మాత్రలూ ఖాళీవైనా సరే సంచిలో వేసి తీసుకెళ్ళండి, అందులో స్టెరాయిడ్ ఉందో లేదో డాక్టర్ చూస్తారు.