నెల్లూరులో లావెండర్: నేలలోనా కుండీలోనా, ఏ రకం మేలు?

మన ఎండలకి లావెండర్ మాడిపోద్దని అందరూ అంటారు, నేనూ అదే అనుకున్నా, కానీ నా మొదటి రెండు మొక్కలు పోయింది ఎండకి కాదు, నవంబర్ వానకి. వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురేస్తే ఇంటి ముందు నల్లమట్టిలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లిపోయినయ్, పైన ఆకులు వాడిపోతే నీళ్లు చాల్లేదేమో అనుకుని ఇంకో చెంబు పోశా, దాంతో పూర్తిగా పోయినయ్.

అందుకే నేలా కుండీనా అంటే నా ఓటు కుండీకే. వాన మబ్బు కనపడగానే ఎత్తి వరండాలో పెట్టుకోవచ్చు, మే నెలలో మధ్యాహ్నం ఎండ తగలకుండా గోడ నీడకి జరపొచ్చు, నేలలో నాటితే ఈ రెండూ కుదరవు. అదీ ప్లాస్టిక్‌ది వద్దు, మట్టి కుండీ తీసుకోండి, తేమ గోడల్లోంచి ఆరిపోద్ది. మట్టిలో సగానికి సగం పెన్నా ఇసుక, చిన్న కంకర కలపండి. కొబ్బరి పొట్టు మాత్రం వద్దు, అది నీళ్లు పట్టుకోని కూర్చుంటది. ఎరువు కూడా ఏడాదికి ఒక గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు, ఎక్కువేస్తే ఆకు గుబురుగా వస్తది గానీ పువ్వు రాదు.

ఇక రకం సంగతి. అందరూ అడిగేది ఇంగ్లిష్ లావెండర్, వాసనలో దాన్ని మించింది లేదు, నిజమే. కానీ పేరుకి ఇంగ్లిష్ గానీ దాని సొంతూరు మధ్యధరా కొండలు, మన దేశంలో కూడా బాగా పండేది జమ్మూలో భదర్వా కొండల్లోనే, దానికి చలి కావాలి. మనకి జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటది, పైగా సముద్రపు ఉక్క. ఫెర్న్‌లీఫ్ రకానికి చలితో పనిలేదు, చీలికల ఆకులు, నీలం పూలు, వెచ్చగా ఉంటే నెలల తరబడి పూస్తానే ఉంటది. వాసన మాత్రం తియ్యగా ఉండదు, వాము ఆకు నలిపినట్టు కొంచెం ఘాటుగా ఉంటది. ఫ్రెంచ్ రకం, అంటే ఆకు అంచుకి పళ్లుండేది, ఈ రెండిటికీ మధ్యలో, కొంచెం కర్పూరం వాసన. చూడ్డానికే అయితే ఫెర్న్‌లీఫ్, ఆకు నలిపి వాసన పీల్చాలనుకుంటే ఫ్రెంచ్, ఇంగ్లిష్‌ది మాత్రం మన దగ్గర పెట్టొద్దంటా.

విత్తనాలు మొలిచేసరికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల కూడా పడద్ది, మొలక అంతా ఒకేసారి రాదు, అందుకని మొదటిసారి పెంచేవాళ్లు మొక్కే తెచ్చుకోండి. ఆరు గంటల ఎండ, పై మట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు. పూలయ్యాక పచ్చగా ఉన్న కొమ్మల్లో మూడో వంతు కత్తిరించండి, కింద చెక్కలా ముదిరిన భాగం జోలికి పోవద్దు, అక్కడ కోస్తే మళ్లీ చిగురు రాదు. కొనేది మాత్రం వానలు పూర్తిగా వెనక్కిపోయాక, సంక్రాంతి దగ్గర్లో కొనండి, అప్పుడైతే వేరు పట్టుకోడానికి మూడు నెలలు దొరుకుతుంది.