పాత కారు సీటు బెల్టుల శుభ్రత: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

మా ఇంట్లో ఉన్నది 2007 నాటి వ్యాగన్‌ఆర్. సీటు కవర్లు మారాయి, టైర్లు మారాయి, బ్యాటరీలు మారాయి. కారుతో పాటు వచ్చి చాలా ఏళ్లు అలాగే ఉండిపోయినవి ముందు సీట్ల బెల్టులు. వాటిని శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. ఈలోగా రకరకాల సరుకులు వాడి చూశాను. ఖరీదైన ఫోము డబ్బాల కంటే గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల పిల్లల షాంపూ, మెత్తని బ్రష్షు, బెల్టు పూర్తిగా ఆరే దాకా ఆగే ఓపిక మేలని తేలింది.

డ్రైవరు బెల్టును చివరి దాకా లాగి వెలుతురులో చూడండి. నడుము దగ్గరి భాగం కాస్త నయంగానే ఉంటుంది. మెడకూ భుజానికీ ఆనే జానెడు మేర మాత్రం చెమట, తలనూనె, పౌడరు, రోడ్డు దుమ్ము కలిసి పొరలుగా పేరుకుపోతాయి. మా బెల్టు అసలు రంగు బూడిద. అక్కడ మాత్రం నల్లగా నిగనిగలాడుతూ, వంచితే అట్టముక్కలా బిరుసుగా ఉండేది. ఎండాకాలంలో తెల్లచొక్కా వేసుకుని ఊరికి వెళ్తే భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా నల్లచార పడేది. బట్టలు పాడవుతాయని బెల్టు పెట్టుకోని వాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి ఎలా ఉన్నా, ప్రాణం కాపాడే పట్టీని మురికి చూసి పక్కన పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

చొక్కా మాసిపోవడం కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. బకిల్ నొక్కి వదిలినా బెల్టు వెనక్కి చుట్టుకోదు. సగంలో ఆగి వేలాడుతుంది, తలుపు వేస్తే మధ్యలో ఇరుక్కుంటుంది. పెట్టుకున్నప్పుడు కూడా ఒంటికి ఆనకుండా వదులుగా ఉంటుంది. ఆ వదులు ఎంత ఉంటే, బండి ఢీకొన్నప్పుడు బెల్టు పట్టి ఆపేలోపు మనిషి అంత ముందుకు వెళ్తాడు. మెకానిక్‌కు చూపిస్తే స్ప్రింగు పోయింది, సెట్టు మార్చాలన్నాడు.

స్ప్రింగు పోలేదు. బెల్టును చుట్టే స్ప్రింగును కావాలనే మెత్తగా పెడతారు, లేకపోతే రోజంతా ఛాతీని నొక్కుతూ ఉంటుంది. కాబట్టి దారిలో కాస్త రాపిడి ఎదురైనా అది లాగలేదు. ఆ రాపిడి ఎక్కువగా పుట్టేది తలుపుల మధ్య స్తంభం మీద, భుజం ఎత్తున బెల్టు మలుపు తిరిగే పై లూపు దగ్గర. ఏళ్ల తరబడి పట్టీ మీది జిడ్డంతా అక్కడ రాసుకుని జిగురులా గట్టిపడుతుంది. పట్టీని ఎంత కడిగినా లూపును వదిలేస్తే ఫలితం సగమే.

లూపుకు నేను వాడేది మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పాత బనియను గుడ్డను సన్నగా చించి, ఆల్కహాల్‌తో తడిపి, లూపు సందులోంచి దూర్చి రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగుతాను. మొదటిసారి గుడ్డ మీదికి వచ్చింది తారులాంటి నల్లటి ముద్ద. గుడ్డ మార్చి మార్చి, తెల్లగా వచ్చే వరకు తుడిచాను. బెల్టు వదిలితే టక్కున పైకి వెళ్లింది. ఆ రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. జారుతుంది కదా అని లూపుకు నూనెగానీ గ్రీజుగానీ పూయవద్దు. అది దుమ్మును పట్టుకుని మళ్లీ మొదటికే తెస్తుంది, పైగా పట్టీకి అంటుతుంది.

ఇక పట్టీ సంగతి. మొత్తం బయటికి లాగి, అది స్తంభంలోంచి వచ్చే చోట గుడ్డముక్క అడ్డుపెట్టి పెద్ద బైండరు క్లిప్పు బిగించాలి. అప్పుడు పని మధ్యలో లోపలికి జారదు, తడి కూడా చుట్ట దాకా చేరదు. షాంపూ నీళ్లలో ముంచి పిండిన బ్రష్షుతో పొడవు వెంట రుద్దాలి. అడ్డంగా రుద్దితే అంచుల్లో నూలు లేస్తుంది. తర్వాత మంచినీళ్ల గుడ్డతో, నురుగు ఆనవాలు లేకుండా తుడవాలి.

బట్టలు ఉతికే పొడి మురికిని వదిలించింది గానీ, నురుగు ఓ పట్టాన పోలేదు, ఆరాక పట్టీ బిరుసెక్కింది. కుంకుడు రసం తలనూనె జిడ్డుకు భలే పనిచేసింది. అయితే లేతరంగు పట్టీకి పసుపు ఛాయ అంటుకుంది, బ్రష్షు చిమ్మినప్పుడు కళ్లు మండాయి. ఫోము క్లీనరు పైపై మురికికి సరిపోతుంది, భుజం దగ్గరి మొండి జిడ్డుకు చాలదు. బ్లీచింగ్, రంగు వేయడం మాత్రం వద్దే వద్దు. పట్టీ పాలియెస్టర్ నేత. సీటు బెల్టులపై ఉన్న ఐక్యరాజ్యసమితి 16వ నిబంధన ప్రకారం కొత్త పట్టీ 1,470 డెకాన్యూటన్ల లాగుడుకు, అంటే దాదాపు 1,500 కిలోల బరువుకు తెగకుండా నిలవాలి. ఆ బలం పోగుల్లోనే ఉంది. తెల్లబడటం కోసం పోగులను బలహీనం చేసుకోకూడదు.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. వేసవిలో తలుపులు తీసి నీడన పెడితే సాయంత్రానికి ఆరుతుంది. వానాకాలంలో ఒక రాత్రి కూడా చాలదు, ఫ్యాను పెట్టాల్సిందే. ఒకసారి నీళ్ల సర్వీసు చేసే షాపువాళ్లు బెల్టు తడిపి అలాగే చుట్టుకోనిచ్చారు. వారానికల్లా కారంతా ముక్కిపోయిన వాసన, పట్టీ మీద నల్లటి బూజు చుక్కలు. వాసన పోయింది, చుక్కల మచ్చ నేటికీ ఉంది.

బకిల్‌లో నీళ్లు పోయవద్దు. బెల్టు చుట్టుకునే డబ్బాను విప్పవద్దు. లోపలి స్ప్రింగు ఎగిరి తగలగలదు. చాలా కొత్త కార్లలోనైతే ఢీకొన్న క్షణంలో బెల్టును బిగించే ప్రిటెన్షనర్‌కు చిన్న పేలుడు మందు ఉంటుంది. దాని జోలికి ఇంట్లో వెళ్లకూడదు.

కడగడం వల్ల నాకు దక్కిన పెద్ద లాభం పట్టీని అంగుళం అంగుళం చూడటం. పక్క సీటు బెల్టు అంచున, తలుపులో పడి నలిగే చోట, కొన్ని పోగులు తెగి ఉన్నాయి. జిడ్డు కింద అది కనబడనే లేదు. ఆ బెల్టును కడగడం ఆపి కొత్తది వేయించాను. విజయవాడ ఆటోనగర్‌లో పాతవి చవగ్గా దొరుకుతాయని ఒకరు చెప్పారు. ఏ ప్రమాదంలో సాగిన పట్టీయో తెలియకుండా పిల్లలకు కట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు ఎండలు ముదరకముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి పట్టీలు కడుగుతున్నాను. లూపును మాత్రం బెల్టు కాస్త నెమ్మదించినట్టు అనిపించినప్పుడల్లా తుడుస్తాను. ఆల్కహాల్ సీసా, గుడ్డ పేలికలు డిక్కీలోనే ఉంటాయి.