బరంపురంలో ‘వుల్ఫ్ డాగ్’ పిల్లల అమ్మకం: కొనే ముందు ఏం చూడాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ‘వుల్ఫ్ డాగ్ (తోడేలు, కుక్క కలిసిన సంకరం), ఎఫ్ 2, నలభై రోజుల పిల్ల’ అంటూ బూడిద రంగు బొచ్చు, నీలం కళ్లు ఉన్న పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ధర హస్కీ (తోడేలులా కనిపించే చలిదేశపు కుక్క జాతి) పిల్ల కన్నా ఎన్నో రెట్లు చెబుతారు. ఆ సరుకు మీదే ఈ రివ్యూ. ఏ ఒక్క దుకాణం గురించీ కాదు కాబట్టి పేర్లు రాయడం లేదు. అమ్మకానికి మా రేటింగ్ 5కి 1. పిల్లల తప్పేమీ లేదు, వాటిలో చాలా మటుకు మంచి కుక్కపిల్లలే.

ముందు ఆ ‘ఎఫ్’ సంగతి. ఎఫ్ 1 అంటే తల్లీతండ్రుల్లో ఒకటి అసలు తోడేలు. ఎఫ్ 2 అంటే తాత, అమ్మమ్మల తరంలో తోడేలు ఉన్నట్టు. మన తోడేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. అనుమతి లేకుండా పెంచడం, అమ్మడం జైలుకు వెళ్లే నేరం. అమ్మేవాడి మాట నిజమే అయితే ఎక్కడో ఒక తోడేలును దొంగతనంగా కట్టేసి ఈనిస్తున్నారన్నమాట. అబద్ధమైతే హస్కీకో, మాలమ్యూట్, జర్మన్ షెపర్డ్ కలిసిన పిల్లకో తోడేలు ధర ఇస్తున్నారు. ‘మాది విదేశీ జాతి’ అంటే కాగితాలు అడగండి. అలాంటి జాతులు నిజంగానే ఉన్నాయి. చెకొస్లోవేకియాలో 1955లో జర్మన్ షెపర్డ్‌తో కార్పాతియన్ తోడేలును కలిపే ప్రయత్నం మొదలై, 1958లో మొదటి పిల్లలు పుట్టాయి. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య 1999లో ఆ జాతికి పూర్తి గుర్తింపు ఇచ్చింది. డచ్చి వాళ్ల సార్లూస్ ఇంకొకటి. వాటికి తల్లిదండ్రుల రిజిస్ట్రేషన్, చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌కు 15 అంకెల నంబరు ఉంటాయి. పశువుల డాక్టరు దగ్గర స్కానర్ పెట్టించి, ఆ నంబరు కాగితం మీది నంబరుతో కలుస్తుందో లేదో చూసుకోండి. చిప్ లేదంటే బేరం అక్కడితో ఆపేయండి.

ఇక పిల్లను చేతిలోకి తీసుకోండి. నీలం కళ్లు చూసి మోసపోతారు చాలామంది. తోడేలు పిల్లకూ పుట్టినప్పుడు నీలం కళ్లే. అవి రెండు నుంచి నాలుగు నెలల మధ్య పసుపు, తేనె రంగుకు మారతాయి. ఆ తర్వాత కూడా నీలంగానే ఉంటే తోడేలు రక్తం లెక్క మర్చిపోవచ్చు. ముఖం ఇంకా బాగా పట్టిస్తుంది. కళ్ల చుట్టూ కళ్లద్దాల్లా, నుదుటి మీద గీత గీసినట్టు తెల్ల ముసుగు పుట్టుకతోనే ఉంటే అది హస్కీ ముఖం. తోడేలు పిల్ల ముదురు గోధుమ రంగులో, మట్టి పూసినట్టు ముఖంతో పుడుతుంది, తెలుపు తర్వాత వస్తుంది. గోళ్లు నల్లగా ఉండాలి, తెల్ల గోళ్లు కుక్కవి. తోక సంగతి నలభై రోజులకు సరిగ్గా తేలదు, అందుకే తల్లిని చూపించమనండి. తోడేలు తోక తిన్నగా కిందికి వేలాడుతుంది, వీపు మీదికి చుట్టుకోదు. తోక మొదలు నుంచి నాలుగు వేళ్ల దూరంలో, పైవైపు వెంట్రుకలు విడదీస్తే గరుకైన నల్ల మచ్చ కనిపించాలి. అక్కడ ఒక గ్రంథి ఉంటుంది. కొన్ని జర్మన్ షెపర్డ్‌లకూ మచ్చ ఉంటుంది, దాన్నొక్కదాన్నే నమ్మకండి. చివరగా తల్లి కాళ్లు తడిపి పొడి గచ్చు మీద నడిపించండి. తోడేలు ఛాతీ ఇరుకు, వెనక అడుగు ముందు అడుగు మీదే పడి జాడ దాదాపు ఒకే గీతలో సాగుతుంది. కుక్క అడుగులు రెండు వరసలుగా పడతాయి. తల్లి లేదు, ఊళ్లో లేదు అన్నారంటే కొనకండి.

ఇంకో మాట. సినిమాల్లో చూసే ఒత్తు బొచ్చు తోడేలు చలిదేశాలది. మన తోడేలు సన్నగా, పొడుగు కాళ్లతో, పలచని బొచ్చుతో, ఇరవై కేజీలు అటూఇటూగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే పల్లె కుక్క అనుకుంటారు. ‘మన్యం తోడేలుకు పుట్టింది’ అని బొచ్చు పిల్లను చూపిస్తే అది కథ. మన తోడేళ్లకు, ఊరకుక్కలకు సంకరం అయినట్టు జన్యు పరీక్షలో తేలిన చోటు మహారాష్ట్రలో పుణె దగ్గరి సాస్వడ్ గడ్డిభూములు. 2023లో వచ్చిన ఆ అధ్యయనం దాన్ని తోడేలు జాతికే ముప్పుగా చెప్పింది.

నలభై రోజులకు అమ్మడంలోనే మరో తప్పు ఉంది. 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం అధ్యయనం ప్రకారం తోడేలు పిల్ల రెండు వారాలకే, కళ్లూ చెవులూ ఇంకా పని చేయకముందే, వాసన ఒక్కదానితో లోకం మీద పడుతుంది. కుక్కపిల్ల నాలుగు వారాలకు, అన్నీ చూస్తూ, వింటూ బయల్దేరుతుంది. తోడేలు పిల్ల మనిషికి అలవాటు పడాలంటే మూడు వారాలు నిండకముందు నుంచే రాత్రీ పగలూ మనిషి పక్కన ఉండాలి. బోనులో నలభై రోజులు గడిపిన పిల్ల నిజంగా తోడేలుదే అయితే ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. దాని అసలు స్వభావం తేలేది ఒకటిన్నర, రెండేళ్లకు, ఈడొచ్చాక. అప్పటికి ఇంట్లో అందరికీ దాని మీద ప్రాణం పెనవేసుకుపోయి ఉంటుంది.

కొనేవాళ్లు కోరుకునేది తోడేలు రూపం, కుక్క విశ్వాసం. ఆ విశ్వాసం రావడానికి వేల ఏళ్లు పట్టింది. జర్మనీలో బాన్ దగ్గర ఒబెర్‌కాసెల్‌లో మనుషులతో పాటు పూడ్చిన కుక్కపిల్ల ఎముకలు సుమారు 14,000 ఏళ్ల నాటివి. జబ్బు చేసిన దాన్ని ఎవరో వారాల తరబడి సాకారని పళ్లే చెబుతున్నాయి. తోడేలుకు పిండిపదార్థాన్ని అరిగించే ఏఎంవై2బి జన్యువు రెండు ప్రతులే, కుక్కకు నాలుగు నుంచి ముప్పై దాకా. మన వీధి కుక్క చద్దన్నం, పఖాళ తిని బతికేది అందుకే. బుడాపెస్ట్‌లో చేతులతో పెంచిన తోడేళ్లకు తెరవలేని పెట్టె ఇస్తే దానితోనే కుస్తీ పట్టాయి, కుక్కలు మాత్రం తిరిగి మనిషి ముఖం చూశాయి. మళ్లీ తోడేలు రక్తం కలిపితే చెడేది ఆ చూపే.

మన ఎండ గురించి ఎవరూ చెప్పరు. సముద్రం పక్కనున్న గోపాల్‌పూర్ గాలిలో తేమ ఎక్కువ, నాలుక చాచి రొప్పినా ఒళ్లు చల్లబడదు. ఎయిర్ కూలర్ తేమను పెంచుతుంది తప్ప సాయం చేయదు. కుక్క ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. పొట్ట, తొడల మధ్య మామూలు నీళ్లు పోసి, ఫ్యాను పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బొచ్చు గొరిగించకండి, ఎండను ఆపేది కూడా అదే.

కరిస్తే ఇంకో చిక్కు. రేబిస్ ఉందో లేదో తేలడానికి కరిచిన జంతువును 10 రోజులు గమనించే పద్ధతి కుక్కకు, పిల్లికి మాత్రమే. అడవి జంతువు కాటును మూడో కేటగిరీగా, అంటే అన్నిటికన్నా తీవ్రమైనదిగా చూసి వ్యాక్సిన్‌తో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా ఇస్తారు. ‘ఇది వుల్ఫ్ డాగ్ అని అమ్మారు’ అన్న సంగతి ఆసుపత్రిలో దాచకండి.

ఇప్పటికే కొన్నవాళ్లు కంగారుపడి వీధిలో వదలకండి. ముందు టీకా కార్డు తెరవండి. ప్రతి డోసు పక్కన సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో రాసిన తేదీలు మాత్రమే ఉంటే టీకా పడనట్టే లెక్కేసి మొదటి నుంచి వేయించండి. ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు, పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి, మూడో నెల నిండాక రేబిస్.