తిరుపతి నుంచి పొలాలూ కొండలూ: తలకోనా, హార్సిలీ హిల్సా?

రెండింటికీ దారి ఒకటే, పీలేరు రోడ్డు. భాకరాపేట దగ్గర చీలితే తలకోన జలపాతం. సుమారు 60 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. కొండమీది విడిది హార్సిలీ హిల్స్ 140 పైమాటే. ఒక రాత్రి ఉండకపోతే దండగ.

పంటలు చూడాలంటే మాత్రం హార్సిలీ దారిలోని మదనపల్లె వైపే. ఎర్రనేలల్లో టమాటా, కర్రలు నాటి తీగలు కట్టిన మళ్లు, దారిపొడవునా మామిడి తోపులు. టమాటా మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లాలి; మధ్యాహ్నానికి వేలం సందడి ఉండదు. లారీలకు అడ్డం రాకుండా పక్కన నిలబడి చూడండి. తోతాపురి మామిడి కాయ జూన్, జూలైల్లో కోతకొస్తుంది.

హార్సిలీ కొండపైన ఎత్తు దాదాపు 1,265 మీటర్లు. గాలిబండ మీద పేరుకు తగ్గ గాలి. శీతాకాలం తెల్లవారుజామున స్వెటర్ తప్పదు. ఎండాకాలం శని, ఆదివారాల్లో గది ముందే బుక్ చేసుకోకపోతే దొరకడం కష్టం.

తలకోన జలపాతం 270 అడుగులు. ఏప్రిల్, మేలలో వెళ్లి సన్నటి ధార చూసి ఉసూరుమనేవాళ్లే ఎక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, నవంబరు నుంచి జనవరి దాకా మేలు. వాన జోరుగా ఉన్న రోజు మాత్రం వద్దు: బండలు పాచిపట్టి జారతాయి, అటవీశాఖ దారి మూసేయనూవచ్చు.

పెద్దవాళ్లు వెంట ఉంటే హార్సిలీయే నయం, కారు పైదాకా వెళ్తుంది.