ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీనా, మానేసి ఫెలోషిప్‌తోనా?

నోటిఫికేషన్లు పడే రోజుల్లో విజయవాడ, గుంటూరు కాలేజీల స్టాఫ్‌రూముల్లో నలిగే ప్రశ్న ఇదే. పాఠాలు చెప్పుకుంటూ నాగార్జున యూనివర్సిటీలోనో, జేఎన్‌టీయూ కాకినాడలోనో పార్ట్‌టైమ్‌గా చేరాలా? జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో, వరంగల్ ఎన్ఐటీకో వెళ్లిపోవాలా?

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ ఎస్ఆర్ఎఫ్‌గా 42,000. ఐదేళ్లూ వాడుకుంటే సరిగ్గా 24 లక్షలు, ఇంటద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. చిన్న ప్రైవేటు కాలేజీ జీతం వదులుకుని వెళ్లేవాళ్లకు ఇందులో నష్టం పెద్దగా ఉండదు. చిక్కల్లా ఆ సొమ్ము ప్రతి నెలా ఠంచనుగా పడకపోవడమే. ఇంటి ఈఎంఐ ఉంటే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని కదలండి. ఇంకో మాట: 2024 జూన్ నుంచి జేఆర్ఎఫ్‌ను తేల్చే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నెట్ పరీక్ష ఫలితం మూడు రకాలుగా వస్తోంది. ‘పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే’ అని వస్తే అది సీటుకు పనికొస్తుంది, అదీ ఏడాది లోపే, ఫెలోషిప్ రాదు. ఆ కాగితం చూసి రాజీనామా ఇవ్వకండి. ఇంజినీరింగ్ వాళ్లకు వాళ్ల అర్హత పరీక్ష గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి వాళ్లకు కాస్త ఊపిరి ఆడుతుంది.

అసలు తేడా సబ్జెక్టులో ఉంది. కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ లాంటివి ఆదివారాల్లో చేసే పనులు కావు. రియాక్షన్ పెట్టి సోమవారం క్లాసుకు వెళ్లిపోతే మంగళవారం మళ్లీ మొదటికే వస్తుంది. గణితం, తెలుగు, ఆంగ్లం, చరిత్ర అయితే పార్ట్‌టైమ్‌లో సాగుతాయి. కామర్స్ కూడా సాగుతుందంటారు గానీ, గుంటూరు మిర్చి యార్డు మీద సర్వే పెట్టుకున్నారనుకోండి: సరుకు ముమ్మరంగా దిగే నెలల్లోనే మీ కాలేజీలో పరీక్షలు, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ ఫైళ్లు, అవి తేలకముందే అడ్మిషన్ల కోసం ఊళ్ల వెంట తిరగడం. ఒక సీజన్ తప్పితే ఏడాది పోయినట్టే.

పార్ట్‌టైమ్‌కు యాజమాన్యం ఇచ్చే ఎన్‌ఓసీలో ఎక్కువగా ‘అభ్యంతరం లేదు’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం అది చాలదు. పార్ట్‌టైమ్‌గా చేయడానికి అనుమతి ఉందని, ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకు తగినంత సమయం ఇస్తాయని, అవసరమైతే కోర్సువర్క్ (పీహెచ్‌డీలో భాగంగా చదవాల్సిన తరగతులు) కోసం రిలీవ్ చేస్తామని మూడూ రాయాలి. మూడో మాట రాయించుకోవడమే కష్టం. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు, తప్పించుకునే దారి లేదు. ఆ మాట నోటితో ఒప్పుకున్నారని చేరితే సెమిస్టర్ మధ్యలో సెలవు దొరకదు.

ఇంతకీ వీటన్నిటి కన్నా బరువైంది గైడ్. ఫుల్‌టైమ్‌లోనైనా, పార్ట్‌టైమ్‌లోనైనా గడువు ఒకటే: కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండు, మహిళలకు అదనంగా ఇంకో రెండు. మూడేళ్లకు బయటపడతారా, ఎనిమిదేళ్లు ఈడుస్తారా అన్నది గైడ్ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కాబట్టి దరఖాస్తుకు ముందే పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్ శోధ్‌గంగ తెరిచి యూనివర్సిటీ, విభాగం, ఆ తర్వాత గైడ్ పేరు పట్టుకుని చూడండి. ఆయన దగ్గర ఎన్ని థీసిస్‌లు పూర్తయ్యాయో తెలుస్తుంది. ఒక్కో థీసిస్ మొదటి పేజీల్లోని సర్టిఫికెట్, డిక్లరేషన్ చదివితే చేరిన సంవత్సరం, సమర్పించిన సంవత్సరం చాలావాటిలో దొరుకుతాయి. ఇరవై ఏళ్ల సర్వీసులో రెండే కనిపిస్తే ఆలోచించాల్సిందే.

ఖాళీ కూడా చూసుకోవాలి. ప్రొఫెసర్‌కు ఏ సమయంలోనైనా ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు స్కాలర్లే పరిమితి. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. సరిగ్గా మూడేళ్లు మిగిలినవారి దగ్గర చేరితే, మీ థీసిస్ తయారయ్యేసరికి ఆయన కో-గైడ్ అయిపోతారు, సంతకాల కోసం మరొకరి చుట్టూ తిరగాలి. ప్రస్తుత స్కాలర్లను కలిస్తే ‘సార్ ఎలాంటివారు?’ అని అడగొద్దు, అందరూ మంచివారనే చెబుతారు. ‘ఇచ్చిన చాప్టర్ చూసి తిరిగివ్వడానికి ఎన్నాళ్లు పట్టింది?’ అని అడగండి.

పార్ట్‌టైమ్‌లో దీనికి దూరం తోడవుతుంది. సెమిస్టర్‌కోసారి పరిశోధనా సలహా కమిటీ ముందు ప్రగతి చెప్పుకోవాలి. కాకినాడ వెళ్లిరావడమంటే ప్రతిసారీ ఒక సెలవు ఖర్చు. నాగార్జున వర్సిటీ అయితే హైవే మీదే, కాలేజీ వదిలాక బస్సెక్కి గైడ్‌ను కలిసి రాత్రి భోజనానికి ఇంటికి చేరొచ్చు. డిగ్రీ జేఎన్‌టీయూదైనా గైడ్ మాత్రం ఇక్కడి అనుబంధ కాలేజీలోనే ఉండొచ్చు, కాబట్టి వర్సిటీ ఏ ఊళ్లో ఉందని కాకుండా గైడ్ ఏ ఊళ్లో ఉన్నారో చూడండి.

నన్నడిగితే, జేఆర్ఎఫ్ చేతిలో ఉండి, సబ్జెక్టు ల్యాబుదైతే ఉద్యోగం మానేసి వెళ్లడమే మేలు. ఆ ఫెలోషిప్‌కు వయోపరిమితి 30, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీలకు ఐదేళ్ల సడలింపు. అది దాటినవాళ్లకు, ఇంటి బాధ్యతలున్నవాళ్లకు గంట దూరంలో మంచి గైడ్ దొరికిన పార్ట్‌టైమ్ ఏమీ తక్కువది కాదు.

వడ్డేశ్వరం, వడ్లమూడి, అమరావతి వైపు ప్రైవేటు వర్సిటీల్లోనూ ఫుల్‌టైమ్ సీట్లుంటాయి. స్టైపెండ్ ఎంత, దానికి వారానికి ఎన్ని గంటలు పాఠాలు చెప్పాలి, ఫీజు ఏడాదికెంత అన్న మూడూ కాగితం మీద తీసుకుంటే చాలు. ఇక హాజరు కాకుండానే డిగ్రీ ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి పోవద్దు. నిబంధనలు పాటించలేదని రాజస్థాన్‌లో మూడు వర్సిటీలను 2025-26 నుంచి ఐదేళ్లపాటు పీహెచ్‌డీ ప్రవేశాలకు యూజీసీ దూరం పెట్టింది.

ఇంటర్వ్యూ తేదీ రాకముందే ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటే బయటికి తెచ్చుకోండి. యూనివర్సిటీ మారుతున్నవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్‌కు కూడా అప్పుడే దరఖాస్తు పెట్టండి, చివరి వారంలో అడిగితే రాదు.