చిమ్నీ రాక్ పూలదారి: ఏప్రిల్‌లో వెళ్తేనే గిట్టుబాటు

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో సముద్రం పక్కన అడవిపూలు చూడాలంటే నా ఓటు పాయింట్ రేయెస్ పార్కులోని చిమ్నీ రాక్‌కే. పసిఫికా ఊళ్లోని మోరీ పాయింట్ అయితే దగ్గరే, సులువు కూడా. గోల్డ్‌ఫీల్డ్స్ అనే చిన్న పసుపు పూలు విరగబూస్తే అక్కడి వాలంతా పసుపు ఆరబోసినట్టే ఉంటుంది. కానీ రకరకాల పూలు కావాలంటే చిమ్నీ రాక్ దాకా పోవాల్సిందే. ఫ్రీమాంట్ నుంచి రెండు గంటల పైనే పడుతుంది. ఆఖర్లో రోడ్డంతా వంపులు, కారులో వాంతులయ్యే పిల్లలుంటే కవర్లు దగ్గర పెట్టుకోండి.

నడక మాత్రం చాలా తక్కువ, ఒకవైపు మైలు లోపే. ఎడమపక్క డ్రేక్స్ బే, కుడిపక్క పసిఫిక్. గాలి హోరుకి మొక్కలేవీ పెద్దగా ఎదగవు, చీలమండ ఎత్తులోనే పూసేస్తాయి. అందుకని నిలబడి చూస్తే సగం పూలు కనపడవు, గొంతుక్కూర్చోవాలి. డగ్లస్ ఐరిస్ ఊదారంగు రేకుల మీద గీతలన్నీ తెల్లటి నడిబొడ్డు వైపే సాగుతాయి. చెకర్‌బ్లూమ్ అయితే మన మందారం, బెండ కుటుంబమే. గులాబీ రేకుల మీద సన్నటి తెల్ల ఈనెలు చూడగానే చుట్టరికం తెలిసిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది పుస్సీ ఇయర్స్: తెల్లటి చిన్న పువ్వు, రేకుల లోపలంతా మెత్తటి నూగు. పాపీ పూలు ఎండ వస్తేనే విచ్చుకుంటాయి, పొగమంచులో ముడుచుకునే ఉంటాయి.

పూలు కోయకూడదు. ఫొటో కోసం కొండ అంచుకి అసలు పోకండి, ఆ రాయి గట్టిది కాదు. ఇదే పార్కులోని ఆర్చ్ రాక్ 2015లో కూలి ఒకరు చనిపోయారు.

ఎంట్రీ టికెట్ లేదు. పార్కింగ్ చిన్నది, వీకెండ్ అయితే పొద్దున్నే చేరాలి. పార్కింగ్ నుంచి కాస్త నడిస్తే ఎలిఫెంట్ సీల్స్‌ని పైనుంచి చూడొచ్చు. వసంతంలో అవి పాత చర్మం ఊడుతూ బద్ధకంగా పడుంటాయి. పిల్లలకి పూలకన్నా అవే నచ్చాయి, ఏం చేస్తాం!

రాత్రి బసకి మేం ఎంచుకున్న ఇన్‌లో అద్దె ఘనం, హీటర్ అంతంతమాత్రం. ఆ డబ్బుకి నేనైతే మళ్లీ దిగను. పార్కు లోపల లిమంటూర్ రోడ్డు పక్క హాస్టల్ మేలు, సొంతంగా వండుకోవడానికి వంటగది ఉంది. దారిలో ఇన్వర్నెస్ ఊరు దాటాక తిండి దొరుకుతుందని నమ్ముకోవద్దు, పులిహోర కట్టుకెళ్లండి. సిగ్నల్ కూడా సరిగా ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

దగ్గర్లోనే 1870 నాటి లైట్‌హౌస్ ఉంది. దిగడానికి 313 మెట్లు, అన్నీ మళ్లీ ఎక్కాలి. గాలి బాగా ఎక్కువైతే మెట్లదారి మూసేస్తారు. అమ్మానాన్నలతో వెళ్తే దాన్ని వదిలేసి, ఆ గంట కూడా పూల దగ్గరే గడపమంటాను.